వెళ్లడం వేరు, నిలవడం వేరు - ప్రవాస జీవితంపై ఒక పరిశీలన

మన కళాశాలలో చదువు ముగించే విద్యార్థుల మనస్సులో తరచుగా మెదిలే ప్రశ్న ఒకటున్నది: ఇక్కడే ఉండి బతుకుదెరువు చూసుకోవడమా, దేశం దాటి వెళ్లడమా? ఈ ప్రశ్నకు ఎవరి పరిస్థితిని బట్టి వారు సమాధానం చెప్పుకోవలసిందే. వెళ్లమని గాని, వెళ్లవద్దని గాని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దేశాంతరం వెళ్లడమూ, ఆ దేశంలో స్థిరపడడమూ ఒకటేనని చాలామంది భావిస్తున్నారు. ఆ రెండూ వేర్వేరు విషయాలని, మొదటిది రైలు టికెట్టుతోనో విమానం టికెట్టుతోనో పూర్తవుతుందని, రెండవది ఒక తరానికి కూడా పూర్తికాకపోవచ్చునని చరిత్ర ఆధారంగా చూపడమే మా ప్రయత్నం.

మన రెండు భాషల్లోనూ దీనికి సంబంధించిన మాటలున్నాయి. తెలుగులో వలస, ప్రవాసం, స్థిరనివాసం అని మూడు మాటలు వేర్వేరుగా వాడతాం. ఉర్దూలో 'గరీబ్' అంటే పేదవాడు. కాని ఆ మాట పుట్టిన అరబ్బీ భాషలో దాని అర్థం పేదవాడు కాదు. పరాయివాడు, కొత్తవాడు అని. ఆ పాత అర్థం ఉర్దూలో 'గరీబుల్ వతన్' అనే సమాసంలో ఇంకా మిగిలి ఉన్నది. స్వదేశానికి దూరమైనవాడు అని దాని భావం. పరాయివాడు అనే మాట మన దేశానికి వచ్చేసరికి పేదవాడు అనే అర్థాన్ని సంతరించుకున్నది. తన ఊరు కాని ఊళ్లో అండ లేనివాడే అందరికంటే పేదవాడన్న అనుభవం ఆ అర్థం మారడంలో దాగి ఉన్నట్లు తోస్తుంది.

పరాయివాడు పరాయివాడుగా మిగిలిపోకుండా ఆ దేశపు మనిషి కావాలంటే ఏమేమి కావాలి? మూడు ఆధారాలు కావాలని మేము భావిస్తున్నాం. మొదటిది చట్టం ఇచ్చే హక్కు, అనగా ఉండడానికి పౌరుడుగా గుర్తించే కాగితం. రెండవది కుటుంబం. మూడవది భాష. ఈ మూడింటినీ కొలబద్దగా పెట్టుకుని తెలుగువారి ప్రవాస చరిత్రలోని కొన్ని ఘట్టాలను, హైదరాబాదు నగరంలోనే ఉన్న మరొక ఘట్టాన్ని పరిశీలిద్దాం.

రంగం కథ

ఉత్తరాంధ్ర జిల్లాల్లో పెద్దవారి నోట 'రంగం' అనే మాట ఒకప్పుడు తరచుగా వినిపించేది. అది రంగూను నగరానికి, దాని ద్వారా బర్మా దేశం మొత్తానికి మనవారు పెట్టుకున్న పేరు. ఆంగ్లేయులు 1852లో దిగువ బర్మాను, 1885లో ఎగువ బర్మాను ఆక్రమించుకున్నారు. ఐరావతీ నది డెల్టాలో అడవులు నరికి వరి పండించడం మొదలైంది. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో బర్మా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. బియ్యపు మరలలో, ఓడరేవులో, నావల మీద పనిచేయడానికి కూలీలు కావలసి వచ్చారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి పొగ ఓడల్లో మన కూలీలు బంగాళాఖాతం దాటారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీదుగా ఆనాటి ప్రభుత్వ పత్రాల్లో తెలుగు కూలీలను 'కోరంగీలు' అని వ్రాసేవారు.

వీరిని తీసుకువెళ్లే పని మేస్త్రీలది. మేస్త్రీ ఊళ్లో ముందుగా కొంత సొమ్ము అడ్వాన్సుగా ఇచ్చేవాడు. ఓడ ఖర్చు భరించేవాడు. రంగూనులో పని చూపించేవాడు. ఆ తరువాత కూలిలో నుండి దాన్ని రాబట్టుకునేవాడు. అప్పు తీరేవరకు కూలీ మేస్త్రీ చేతిలో ఉండేవాడు. ఈనాడు వీసా కోసం అప్పు చేసి, రెండేళ్లు ఆ అప్పుకే కష్టపడే వ్యక్తికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూను నగర జనాభాలో సగానికి మించి భారతీయులే. తెలుగువారు లక్షకు పైగా ఉన్నారు. ఇంత పెద్ద సంఖ్యను చూసి ఇది స్థిరమైన నివాసమని ఎవరైనా అనుకోవచ్చు. కాని మన కొలబద్దతో చూస్తే లోపం కనిపిస్తుంది. తెలుగు కూలీల్లో అత్యధికులు పురుషులే. భార్యాబిడ్డలు ఊళ్లో ఉండేవారు. పంట కాలానికి వెళ్లి, డబ్బు చేర్చుకుని, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లేవారు. ఇక చట్టం సంగతి చూస్తే, బర్మా 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రంగానే ఉండేది. కావున వెళ్లేవారికి తాము పరదేశం వెళ్తున్నామన్న భావమే లేకపోయింది. హక్కు కోసం అడగవలసిన అవసరమే వారికి తోచలేదు. కాళ్ల కింద నేల పేరు ఒకనాటికి మారుతుందని ఊహించినవారు తక్కువ.

స్థానికుల మనస్సులో మాత్రం అసంతృప్తి పెరుగుతూ వచ్చింది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి రాగానే బర్మీయులను తొలగించారు. దానితో కలహం చెలరేగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరు పేదవారి మధ్య పుట్టిన ఈ వైరానికి మూలం ఇద్దరినీ తక్కువ కూలికి వాడుకున్న వ్యవస్థలో ఉన్నది. అయినా దెబ్బ తగిలింది మాత్రం పేదవారికే.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపానువారి వశమైంది. ఓడలో చోటు దొరికినవారు ఓడలో, దొరకనివారు కాలినడకన అరకాను కనుమల గుండా, మణిపురం కొండల గుండా బయలుదేరారు. లక్షల మంది నడిచారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలాదిమంది దారిలోనే రాలిపోయారు.

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి వెళ్లారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. పౌరసత్వ చట్టం వచ్చింది. నిర్ణీత షరతులకు లోబడి భారతీయులు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే అవకాశం అప్పుడు ఉన్నది. చాలామంది చేసుకోలేదు, చేసుకున్నవారిలో చాలామందికి సకాలంలో పత్రం అందలేదు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. తరువాతి రెండేళ్లలో దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేయబడ్డాయి. 1964 మేలో యాభై, నూరు క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించారు. పౌరసత్వ పత్రం లేని భారతీయులు విదేశీయులుగా మిగిలిపోయారు. లక్షల సంఖ్యలో ఓడలెక్కి మద్రాసు, విశాఖపట్నం రేవుల్లో దిగారు. జీవితమంతా కూడబెట్టిన దానిలో వెంట తెచ్చుకోగలిగింది కొద్దిపాటి సొత్తు మాత్రమే. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు ఆ రాకకు గుర్తుగా నిలిచింది.

ఆ దేశంలో నేటికీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అయినా రంగం చరిత్ర మనకు చెప్పేది స్పష్టం. సంఖ్య బలం కాదు. సంపాదన పునాది కాదు. మూడు తరాలు పనిచేసిన చోటు నుండి కూడా ఒక కాగితం లేనందువల్ల మనిషి వెళ్లిపోవలసి రావచ్చు.

మారిషస్ కథ

ఇదే కాలంలో, ఇదే తీరం నుండి మరొక దిక్కుకు వెళ్లినవారి గతి వేరుగా పరిణమించింది. హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో చెరకు తోటలు ఉండేవి. బ్రిటిష్ వారు బానిసత్వాన్ని రద్దు చేయడంతో తోటల యజమానులు ఒప్పందపు కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ మీద 36 మంది అక్కడికి చేరారు. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది అలా వెళ్లారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. వారు దిగిన పోర్టు లూయీ నగరంలోని ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వారి ఆరంభం సుఖమైనదని ఎవరూ భ్రమపడరాదు. ఒప్పందం గడువులో పని మానితే చెరసాల. గైరుహాజరైతే కూలిలో కోత. 1867 నాటి ఒక శాసనం ప్రకారం ఒప్పందం ముగించుకున్న పాత కూలీ కూడా తన ఛాయాచిత్రం అతికించిన పాసును ఎల్లవేళలా వెంట ఉంచుకోవలసి వచ్చేది. అది లేనివాణ్ణి పోలీసు పట్టుకోవచ్చు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటల యజమాని ఈ అన్యాయాన్ని సహించలేక తొమ్మిది వేలకు పైగా కూలీల సంతకాలతో ఒక అర్జీ తయారుచేశాడు. దాని ఫలితంగా 1872లో రాజ విచారణ సంఘం ఏర్పడింది. నోటిమాటగా వెళ్లబోసుకున్న బాధను కాగితం మీదికి ఎక్కించిన తరువాతే అది లండనుకు వినిపించింది.

బర్మాకు, మారిషస్‌కు మధ్య ముఖ్యమైన భేదాలు మూడు. మొదటిది కుటుంబం. ఒప్పందపు కూలీల ఓడల్లో పురుషులతోపాటు ఒక నిష్పత్తి ప్రకారం స్త్రీలు కూడా ఉండాలని ప్రభుత్వం క్రమంగా నియమం పెట్టింది. తోటల్లోనే ఇళ్లు, కాపురాలు, పిల్లలు ఏర్పడ్డారు. రెండవది భూమి. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో చక్కెర ధరలు పడిపోయినప్పుడు యజమానులు పెద్ద తోటలను చిన్న చిన్న ముక్కలుగా విభజించి అమ్మారు. కూలి డబ్బు దాచుకున్నవారు ఎకరమో రెండెకరాలో కొనుక్కున్నారు. నిన్నటి కూలీ రైతు అయ్యాడు. మూడవది విద్య, దాని వెంట వచ్చిన ఓటు. 1901లో దక్షిణాఫ్రికా నుండి తిరిగివస్తూ గాంధీజీ ఈ ద్వీపంలో కొన్నాళ్లు ఆగి, పిల్లలను చదివించండని, రాజకీయాల్లో పాల్గొనండని అక్కడి భారతీయులకు చెప్పారు. 1947 రాజ్యాంగ సంస్కరణ ప్రకారం ద్వీపంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సరళమైన వాక్యాలు చదివి వ్రాయగలిగినవారికి ఓటు హక్కు లభించింది. అంతవరకు ఇంట్లో, గుడిలో, మసీదులో మాత్రమే పనికివచ్చే భాషలు ఒక్కసారిగా పౌరహక్కుకు తాళంచెవులయ్యాయి. రాత్రి బడుల్లో పెద్దవారు అక్షరాలు దిద్దుకున్నారు. 1948 ఎన్నికల్లో శాసనసభ స్వరూపమే మారిపోయింది. 1968 మార్చి 12న దేశం స్వతంత్రమయ్యేసరికి కూలీల మనుమలు ఆ దేశపు పౌరులు.

ఇప్పుడు అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. పాఠశాలల్లో పిల్లలు ఇష్టమైతే తెలుగు చదువుకోవచ్చు; ఉర్దూ చదువుకోవచ్చు. తెలుగు మాట్లాడేవారి సంఘం, ఉర్దూ మాట్లాడేవారి సంఘం అక్కడ చట్టం ద్వారా ఏర్పడ్డాయి. మన కళాశాల రెండు భాషలూ ఇంత దూరాన ఒకే గౌరవంతో పక్కపక్కన ఉండడం మనకు సంతోషం కలిగించే విషయం. మూడవ తెలుగు ప్రపంచ మహాసభలు 1990లో జరిగింది కూడా అక్కడే.

ఈ కథకు మరొక పార్శ్వం ఉన్నది. మారిషస్‌లో వీధి భాష క్రియోల్. ఇంటి భాష కూడా చాలా కుటుంబాల్లో అదే. తెలుగు బడిలో నేర్చుకునే భాషగా, పూజలో, పాటలో, పేర్లలో నిలిచే భాషగా మారింది. స్థిరపడడానికి వెల ఉన్నది. ఆ వెలలో కొంత భాగం మాతృభాష. పరదేశంలో వేళ్లూనినవారు స్వదేశంలోని మాదిరిగానే మిగిలిపోవాలని కోరడం సమంజసం కాదు. పోయినదానిలో కొంతైనా పాఠశాల ద్వారా, సంఘం ద్వారా దక్కించుకున్నందుకు వారిని మెచ్చుకోవాలి.

మన నగరానికి వచ్చినవారు

ఇంతవరకు మనవారు వెళ్లిన కథలు చెప్పుకున్నాం. ఇతరులు మన వద్దకు వచ్చి స్థిరపడిన కథ ఒకటి మన కళ్లెదుటే ఉన్నది. హైదరాబాదు పాతనగరానికి దక్షిణాన బార్కస్ అనే ప్రాంతం ఉన్నది. ఆంగ్లంలో సైనికుల వసతిగృహాలకు వాడే 'బ్యారక్స్' అనే మాటే జనం నోట బార్కస్ అయింది. నిజాముల కాలంలో యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో పనిచేశారు. వారిని చావుష్‌లు అంటారు. హద్రమౌత్‌లోని ముకల్లా రేవును రాజధానిగా చేసుకుని తరువాతి కాలంలో ఏలిన ఖుఐతీ సుల్తానుల వంశ మూలపురుషుడు హైదరాబాదు సైన్యంలో జమాదారుగా పనిచేసినవాడే. ఇక్కడి జీతం అక్కడ రాజ్యమైంది. ఈనాడు గల్ఫు డబ్బుతో మన పల్లెల్లో మేడలు లేస్తున్నట్లే ఆనాడు దక్కను డబ్బుతో హద్రమౌత్‌లో మేడలు లేచాయి. వలస ప్రవాహం దిక్కు శాశ్వతం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

వచ్చినవారిలో చాలామంది ఒంటరి పురుషులే. ఇక్కడి స్త్రీలను వివాహం చేసుకున్నారు. తల్లి భాష ఉర్దూ ఇంటి భాష అయింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత సైన్యాలు రద్దయ్యాయి. అరబ్బుల్లో పలువురిని స్వదేశానికి పంపివేశారు. అది వారికి గడ్డుకాలం. అయితే 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగంలోని 5వ అధికరణం భారతదేశంలో నివాసమేర్పరచుకుని, ఇక్కడ పుట్టినవారిని, ఇక్కడ పుట్టిన తల్లిగాని తండ్రిగాని ఉన్నవారిని, అంతకుముందు అయిదేళ్లకు తక్కువ కాకుండా ఇక్కడ నివసించినవారిని పౌరులుగా గుర్తించింది. ఈ ద్వారం గుండా బార్కస్ బిడ్డలు హైదరాబాదీలయ్యారు. తండ్రి ఏ దేశం నుండి వచ్చాడని కాక, బిడ్డ ఏ నేల మీద పుట్టాడని అడిగిన చట్టం ఒక సమాజాన్ని నిలిపింది. కుటుంబం, భాష, చట్టం మూడూ ఇక్కడ కలిశాయి.

గల్ఫు: స్థిరనివాసం లేని ప్రవాసం

ఇప్పుడు మన ఇళ్లకు దగ్గరి విషయానికి వద్దాం. 1973లో చమురు ధరలు పెరగడంతో అరబ్బు దేశాల్లో రోడ్లు, రేవులు, నగరాలు నిర్మించడం మొదలైంది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల నుండి, హైదరాబాదు పాతనగరం నుండి, కడప, గోదావరి జిల్లాల నుండి వేలాదిమంది వెళ్లారు. తెలంగాణ పల్లెల్లో ఏ అరబ్బు దేశం వెళ్లినా 'దుబాయి పోయిండు' అనే అంటారు. ఆనాటి రంగం మాట వలె ఈనాటి దుబాయి మాట కూడా ఒక ఊరి పేరు దాటి ఒక ఆశకు పేరయింది.

ఈ దేశాల్లో వలస కార్మికుని స్థితి కఫాలా అనే పద్ధతి మీద ఏర్పడింది. కఫీలు, అనగా జామీనుగా నిలిచే యజమాని, పిలిస్తేనే వీసా. ఆకామా అని మనవారు పిలిచే నివాసపత్రం ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే నివాసానికీ గడువు పడుతుంది. యజమానిని విడిచి, పత్రాలు లేకుండా పనిచేసేవాణ్ణి మనవారు 'ఖల్లివెల్లి' అంటారు. 'పోనీలే, వదిలెయ్' అని అర్థమిచ్చే ఆ గల్ఫు మాట పత్రం లేని మనిషికి పేరు కావడం విచారకరం. ఇటీవల కొన్ని దేశాలు ఈ పద్ధతిని సడలించాయి. 2020లో ఖతార్, 2021లో సౌదీ అరేబియా ఉద్యోగం మారడానికి కొంత స్వేచ్ఛనిచ్చాయి. 2019లో సౌదీ అరేబియా, యు.ఎ.ఇ. దీర్ఘకాలిక నివాస పథకాలు ప్రారంభించాయి. కాని అవి ప్రధానంగా ధనవంతులకు, విశేష ప్రతిభ గలవారికి ఉద్దేశించినవి. సామాన్య కార్మికునికి ముప్పై ఏళ్లు పనిచేసినా పౌరసత్వం రాదు. అక్కడే పుట్టిన అతని బిడ్డకు జన్మ వల్ల పౌరసత్వం లభించదు.

కుటుంబం విషయం కూడా అటువంటిదే. తక్కువ జీతం గల కార్మికునికి కుటుంబాన్ని తీసుకువెళ్లే అనుమతి ఉండదు. సౌదీ అరేబియా 2017 జూలై నుండి వెంట ఉన్న ఒక్కొక్క కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ల రుసుము విధించి, ఏటేటా పెంచుతూ 2020 నాటికి 400 రియాళ్లు చేసింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న ఉద్యోగి నెలకు 1600 రియాళ్లు చెల్లించవలసి వచ్చింది. ఆ భారం మోయలేక ఎన్నో హైదరాబాదు కుటుంబాలు తిరిగి వచ్చాయి. చదువు మధ్యలో వచ్చిన పిల్లలు ఇక్కడి పాఠశాలల్లో కొత్తవారయ్యారు. పుట్టి పెరిగిన ఊరు వారిది కాలేదు. పాస్‌పోర్టులో ఉన్న దేశం వారికి పరిచయం కాలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైటును ఆక్రమించినప్పుడు రంగం అనుభవం మరొక రూపంలో పునరావృతమైంది. లక్షకు పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుండి విమానాల్లో స్వదేశానికి చేర్చారు. 1942లో నడిచినవారికి లేని విమానం వీరికి ఉన్నది. వెనుక స్వతంత్ర ప్రభుత్వం ఉన్నది. కాని బ్యాంకులో పెట్టిన డబ్బు, రావలసిన జీతం, నడుపుకునే దుకాణం అక్కడే ఉండిపోయాయి. 2020లో కరోనా మహమ్మారి కాలంలోనూ ఎందరో ఖాళీ చేతులతో తిరిగి వచ్చారు.

దీన్నిబట్టి గల్ఫు వెళ్లరాదని మేము అనడం లేదు. ఆ సంపాదన వల్ల ఎన్నో ఇళ్లలో చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి, తమ్ముళ్లు ఇంజనీర్లయ్యారు, గుడిసెలు ఇళ్లయ్యాయి. మేము చెప్పదలచినది ఇంతే: అది పని కాలం, నివాస కాలం కాదు. అక్కడ ఉన్నన్నాళ్లూ తిరుగు ప్రయాణం లెక్కలో ఉండాలి. సంపాదనలో ఒక భాగం తిరిగివచ్చిన తరువాతి బ్రతుకు కోసం, పిల్లల చదువు కోసం మొదటి నెల నుండే వేరు చేయాలి. ఇంటికి అంతస్తుల మీద అంతస్తులు వేసి, తిరిగివచ్చాక చేయడానికి పని లేక మళ్లీ అరవయ్యో ఏట వీసా కోసం తిరిగే పరిస్థితి రాకూడదు.

అమెరికా ద్వారం

అమెరికాలో స్థిరనివాసానికి చట్టం దారి చూపుతున్నది. కాని ఆ దారి పొడవైనది. 1965 నాటి వలస చట్టం పూర్వపు జాతి వివక్షను తొలగించడంతో మన వైద్యులు, ఇంజనీర్లు వెళ్లారు. ఉద్యోగం ద్వారా వచ్చే శాశ్వత నివాస పత్రాలకు ఆ చట్టాల్లో ఏటా సుమారు 1,40,000 అనే పరిమితి ఉన్నది. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో 7 శాతానికి మించి దక్కకుండా నియమం ఉన్నది. చిన్న దేశానికీ, నూట నలభై కోట్ల జనాభా గల మన దేశానికీ ఒకటే హద్దు. కావున మనవారి వరుస దశాబ్దాలకు సాగింది. తల్లిదండ్రుల వరుస రాకముందే పిల్లలకు 21 ఏళ్లు నిండితే వారి పత్రం మీద ఆధారపడే అర్హత పోతుంది. విద్యార్థి వీసా మీదనో మరొక దారినో వెతుక్కోవాలి. ఎక్కువ జీతం, పెద్ద ఇల్లు ఉన్నా కాగితం రానంతవరకు ప్రవాసం ప్రవాసమే. దూరపు కొండలు నునుపన్న సామెత ఊరికే పుట్టలేదు.

అక్కడ పౌరసత్వం తీసుకున్నవారు భారత పౌరసత్వాన్ని కోల్పోతారు. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలను అనుమతించదు. వారి కోసం ఓ.సి.ఐ. అనే నమోదు పథకం 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సందర్భంగా ప్రారంభమైంది. అది ఉన్నవారు వీసా లేకుండా వచ్చి ఉండవచ్చు. ఓటు వేయలేరు, వ్యవసాయ భూమి కొనలేరు. వెళ్లినవారు ఈ తేడాను కూడా ముందే తెలుసుకోవాలి.

మనం చేయవలసినది

విద్యార్థి మిత్రులకు ముఖ్యంగా తెలియవలసిన విషయం ఒకటున్నది. 1983 నాటి ప్రవాస చట్టం ప్రకారం పదో తరగతి కూడా ఉత్తీర్ణులు కాని కార్మికులు గల్ఫు మొదలైన కొన్ని దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి పొందాలి. అప్పుడు వారి ఒప్పందాన్ని అధికారులు చూస్తారు. ప్రమాదవశాత్తూ మరణిస్తే పది లక్షల రూపాయలు ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా వారికి తప్పనిసరి. పదో తరగతి దాటిన మన విద్యార్థులకు ఈ అనుమతి అవసరం లేదు. దాన్ని చాలామంది గౌరవంగా భావిస్తారు. కాని అవసరం లేకపోవడమంటే ఆ తనిఖీ కూడా లేకపోవడమే. చదువుకున్నవాడు తన ఒప్పందాన్ని తానే పరిశీలించుకోగలడని చట్టం నమ్ముతున్నది. ఆ నమ్మకానికి మనం తగినవారమా?

కావున వెళ్లేముందు ప్రతి ఒక్కరూ కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఏజెంటుకు ప్రభుత్వ నమోదు ఉన్నదా? ఒప్పందంలో వ్రాసిన పని, జీతం, గడువు నోటితో చెప్పిన వాటితో సరిపోతున్నాయా? వీసా ఉద్యోగ వీసాయేనా, లేక సందర్శకుల వీసా ఇచ్చి అక్కడ మారుస్తామంటున్నారా? ఆ దేశంలో శాశ్వత నివాసానికి దారి ఉన్నదా, లేదా? ఉంటే ఎన్నేళ్లు, ఏ షరతులు? లేకపోతే నేను తిరిగివచ్చే సంవత్సరం ఏది? పత్రాల నకళ్లు ఇంటి వద్ద ఉంచానా?

ఉర్దూ చదివినవారికి మరొక హెచ్చరిక. ఉర్దూ లిపి తెలిసినవారు అరబ్బీ ఒప్పందంలోని అక్షరాలను కూడబలుక్కుని చదవగలరు. చాలా మాటలు పరిచితమైనవిగా తోస్తాయి. కాని 'గరీబ్' మాట విషయంలో చూసినట్లు, అదే మాట అక్కడ వేరే అర్థం ఇవ్వవచ్చు. లిపి తెలియడం భాష తెలియడం కాదు. సంతకం చేసేముందు అనువాదం చదివి తీరాలి.

కళాశాల యాజమాన్య సంఘం వారికి మేము సవినయంగా రెండు మనవులు చేస్తున్నాం. చివరి సంవత్సరం విద్యార్థులకు వారానికొక గంట చొప్పున వ్యవహారిక అరబ్బీ, ఒప్పంద పత్రాలు చదివే పద్ధతి నేర్పే తరగతిని ఏర్పాటు చేయాలి. పరదేశాల్లో పనిచేసి తిరిగివచ్చిన పూర్వవిద్యార్థులను ఏడాదికొకసారి పిలిచి, వారి అనుభవాలను తెలుగులోను, ఉర్దూలోను విద్యార్థులకు వినిపించాలి. వీటికి పెద్ద ఖర్చు కాదు. కాని ఒక్క విద్యార్థి ఒక్క తప్పుడు ఒప్పందం నుండి తప్పించుకున్నా ఆ ఖర్చు తీరినట్లే.

బర్మాలో కాగితం లేక వెనుదిరిగినవారూ, మారిషస్‌లో అక్షరంతో ఓటు సాధించినవారూ ఒకే తీరపు బిడ్డలు. వారి శ్రమలో ఎక్కువ తక్కువలు లేవు. తేడా వచ్చింది హక్కును సకాలంలో అడగడంలో, అడగడానికి అవకాశమిచ్చిన చట్టంలో. వెళ్లడానికి ధైర్యం చాలు. నిలవడానికి హక్కు కావాలి. తిరిగి రావడానికి సిద్ధపాటు కావాలి. ఈ మూడింటిలో తనకు ఏది ఉన్నదో, ఏది లేదో బయలుదేరకముందే తెలుసుకున్నవాడు ఏ దేశంలోనైనా గరీబు కాడు.